మూడు బందుల్లో ఒకే దారం

నా మూలమట్టం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒక్క మాట అబద్ధమైనా, ముప్పై అయిదేళ్ళుగా నేను బిగించిన తలుపులన్నీ రేపు పొద్దునకల్లా కిర్రుమనాలి. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఒక్క ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టకూడదు.

ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే, ప్రొద్దుటూరులో నాకు రెండు పేర్లున్నాయి. ఒకటి వడ్రంగంలో వచ్చిన పేరు, ఇంకొకటి మాటల్లో వచ్చిన పేరు. రెండోదే ఎక్కువ దూరం పోయింది. టీ అంగడిలో నేను నోరు తెరిస్తే చాలు, "ఆచారి మొదలుపెట్టినాడు, సగం తీసేసి వినండప్పా" అంటారు. కాబట్టి ఈ ఒక్కసారి ఏమీ తీసేయకుండా చదవమని మనవి.

రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. చిత్రిక తొయ్యలేని వడ్రంగి అంగట్లో కూర్చుని వేరేవాళ్ళ పనికి వంకలు పెడతాడు. ఆ పాపం నాకొద్దని యాభై ఎనిమిదేళ్ళకే పనిముట్లకు నూనె రాసి పెట్టెలో పెట్టేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు మిషన్లున్నాయి, వాటంతట అవే మూసుకునే బందులున్నాయి. నేను చెప్పేది వంపు తలుపు గురించి. బీరువాకో అల్మారాకో ముందుభాగం నిండు గర్భిణి కడుపులా ముందుకు వచ్చి ఉంటుంది చూడండి, ఆ తలుపు. దాన్ని చేయడం ఒక పని. దాన్ని బందుల మీద, అంటే చట్రానికి పట్టి తిప్పే మడత రెక్కల మీద, నిలబెట్టడం ఇంకో పని. మొదటిది వచ్చిన ప్రతివాడూ రెండోదీ వచ్చనుకుంటాడు.

నాతో పాటు పని చేసిన నర్సింహులు గురించి కూడా ముందే చెప్పాలి. నా ఈడువాడే. నాలాగే ఎడమ చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాడు. చెయ్యి మంచిదే కానీ తొందర ఎక్కువ. ఇక్కడ తప్పు జరిగిన చోటల్లా అతను కనిపిస్తాడు. అతని పరువు తీయాలని కాదు. తప్పులు చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

వెనకవైపు ఎవరు చూస్తారు

ప్రొద్దుటూరులో ఒక ఫర్నిచర్ షోరూములో చాలాకాలం పని చేశాను. ఓనరు మంచివాడే. పండగకు బట్టలు పెట్టేవాడు, చెయ్యి కోసుకుంటే ఆస్పత్రికి తానే స్కూటర్ మీద తీసుకుపోయేవాడు. కానీ కట్టెను ముందువైపు నుంచి మాత్రమే చూసేవాడు.

ఒకసారి బంగారం అంగడికి గుండ్రటి షోకేసు చెప్పారు. కింది భాగానికి నాలుగు వంపు తలుపులు. పద్ధతిగా చేస్తే నెల పడుతుంది, ఓనరు వారం అన్నాడు. నర్సింహులు దానికి అడ్డదారి కనిపెట్టాడు. ప్లైవుడ్ పలక వెనకవైపు వేలెడు దూరానికొకటి రంపంతో నిలువు గాట్లు పెట్టాడు. గాట్లు పడిన పలక అట్టలా వంగింది. ముందు మెరిసే అట్ట అంటించాడు.

"వెనక్కల ఈ గాట్లు కనపడతాయి కదన్నా," అన్నాను ఓనరుతో.

"వెనకవైపు ఎవరు చూస్తారప్పా? బంగారం కొనేకి వచ్చినోడు మోకాళ్ళ మీద కూచోని తలుపు సందులో తల పెడతాడా?"

ఎండాకాలం వచ్చింది. ప్రొద్దుటూరు ఎండ సంగతి మీకు తెలుసు. పలక ఎండి బిగుసుకుని, వెనకనున్న ప్రతి గాటూ ముందువైపు నిలువు గీతలై తేలింది. అంగడి సెట్టి కబురు పెట్టాడు. పోయేసరికి గల్లాపెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాప్పా ఆచారీ. నా అంగడికి వచ్చినోళ్ళు నగలు చూడ్డంల్యా. నీ తలుపు పక్కటెముకలు లెక్కపెడతాండారు. కరువులో బక్కచిక్కిన ఎద్దును తెచ్చి నిలబెట్టినట్టుంది."

"నర్సింహులు చేసినాడు సెట్టీ," అన్నాను.

"ఎవరు చేస్తే ఏంది. ఈ పక్క చూడు." అతను ఒక గొలుసు తీసి నా చేతిలో పెట్టాడు. "చూడు ఎట్లుందో."

నేను గొలుసును తిప్పి వెనకవైపు చూశాను. సెట్టి నవ్వాడు.

"చూసినావా? నగ చేతికిస్తే ప్రొద్దుటూరోడు ఎవడైనా మొదట తిప్పే చూస్తాడు. నువ్వూ అదే చేసినావు. మళ్ళ తలుపు వెనక ఎవడు చూస్తాడని యా మొహం పెట్టుకోని చేసినావప్పా?"

ఆ మాట తర్వాత ఆ షోరూములో నాకు అన్నం సయించలేదు. ఏడాది తిరక్కముందే బయటికి వచ్చి సొంతంగా పని పెట్టుకున్నాను.

ఉస్తాద్ అన్న మాట

నాకు పని నేర్పింది జమ్మలమడుగు ఖాదర్‌వలీ ఉస్తాద్. వాళ్ళది ఎద్దులబండ్ల చక్రాలు చేసే ఇల్లు. ట్రాక్టర్లు వచ్చి బండ్లు మూలపడ్డాక ఆయన అల్మారాలకు మళ్ళాడు. చక్రం చేసిన చేతికి గుండ్రం సహజంగా వస్తుంది. చుట్టుపక్కల పెద్ద ఇళ్ళకు ఆయన వంపు తలుపుల అల్మారాలు చేసి ఇచ్చాడు. తలుపు సగం తెరిచి చెయ్యి వదిలితే అది అక్కడే నిలబడేది, చెప్పిన మాట వినే ఎద్దు లాగా.

ఆయన దగ్గర ఆరేళ్ళు చేసి, షోరూము జీతానికి ఆశపడి వెళ్ళిపోయాను. పోయే రోజు ఆయన కోపం చేసుకోలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"పో నాయనా. తలుపు బాగా చేస్తావు. బందు మాత్రం నీకు చేతకాదు."

"ఎందుకు చేతకాదు ఉస్తాద్?"

"తలుపుకు చెయ్యి చాలు. బందుకు ఓర్పు కావాల. నీకు నోరుండాది, ఓర్పు ల్యా."

ఆ మాట ఇరవై ఏళ్ళు నా ఒంట్లో మేకులా ఉండిపోయింది. సూటి తలుపులు వందలకొద్దీ బిగించాను. మేకు మాత్రం కదల్లేదు.

ఓబులమ్మ అల్మారా

పులివెందుల పక్కన ఒక పల్లెలో ఓబులమ్మ అని పెద్దావిడ. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న ఇల్లు. ఆమె పడకగదిలో ఉస్తాద్ చేసిన అల్మారా ఉంది. టేకు చెక్క, ఇత్తడి బందులు, రెండు వంపు తలుపులు. బోరు నుంచి పైకి తీసిన మోటారును, పైపులను ఆ గదిలోకి చేరుస్తుంటే ఒక పైపు జారి కుడి తలుపు నడిమికి పగిలింది. ఇంటికి రంగులు వేసే పని నడుస్తోంది. కొడుకు శివారెడ్డి ఇనప బీరువాకు మాట్లాడేసి వచ్చాడు.

నన్ను పిలిపించింది ఓబులమ్మ. శివారెడ్డి వాకిట్లోనే గడువు చెప్పాడు.

"ఆచారీ, రంగులోళ్ళు ఇంకా పది దినాలు ఉంటారు. వాళ్ళు పోయే లోపల తలుపు నిలబడితే సరి. లేకుంటే దీన్ని బస్టాండు కాడ హోటలోనికి పొయ్యిలోకి ఇచ్చేస్తా. చెప్పినానని మా యమ్మకు చెప్పాకు."

"నాకు వినపడతానే ఉండాదిరా," అంది ఓబులమ్మ లోపలి నుంచి.

ఆమె మంచం మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గుండ్రటి తలుపు చేసినావా యెప్పుడైనా?"

"ఎంతమాటమ్మా. నేను చేసిన గుండ్రటి తలుపులు వరసగా నిలబెడితే ముద్దనూరు దాకా పోతాయి."

"ముద్దనూరు దాకా వద్దులే. ఈ గోడ దాకా వస్తే చాలు."

నిజం చెప్తున్నాను, అప్పటికి నా చేత్తో నిలబెట్టిన అసలైన వంపు తలుపు ఒక్కటి కూడా లేదు. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, ఉస్తాద్ చేసిన వంపు అల్మారాల్లో మిగిలింది ఇదొక్కటే. జమ్మలమడుగువి, ముద్దనూరువి, ప్రొద్దుటూరువి అన్నీ ఇనప బీరువాలకు చోటిచ్చి పోయాయి. ఇది కూడా దోసెల పొయ్యిలోకి పోతే, ఆ మనిషి బతికుండగానే ఆయన చేతిపని లోకంలో లేకుండా పోతుంది. పైగా ఆ మేకు ఒకటి ఉంది కదా.

వదిలితే వెనక్కి

వంపు తలుపు చేసే పద్ధతి ఇది. టేకును పలచటి పొరలుగా కోయాలి. పొరకు ఒక నూలు మందం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పొరకూ పొరకూ మధ్య బంక పూసి, వంపు తిరిగిన దిమ్మ మీద పరిచి, క్లాంపులతో బిగించి రెండు రోజులు వదిలేయాలి. ఆరాక విప్పితే పొరలన్నీ ఒకే చెక్కై ఆ వంపును నిలుపుకుంటాయి. చెప్పడానికి ఇంతే.

నర్సింహులు బాగున్న ఎడమ తలుపు వంపును అట్టముక్క మీద గీసుకుని, దిమ్మను సరిగ్గా అదే వంపులో చేశాడు. చూస్తే తప్పేమీ లేదు. క్లాంపులు విప్పగానే తలుపు, సంత నుంచి వచ్చి అరుగు మీద కూలబడిన మనిషిలా, కొంచెం వెనక్కి వాలింది. రెండు నూళ్ళు. కన్ను పెట్టి చూస్తే తెలియదు. పక్క తలుపుతో కలిపి నిలబెడితే మాత్రం మధ్యలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. అలిగిన ఆలుమగల్లా ఉన్నాయి.

ఓబులమ్మ వచ్చి చూసింది.

"ఇదేంది ఆచారీ, ఒకటి తూర్పు ఒకటి పడమర?"

"నర్సింహులు దిమ్మ తప్పు చేసినాడమ్మా."

"యాడ ఆ మనిషి?"

"టీ తాగను పోయినాడు."

"తప్పు జరిగినప్పుడల్లా పోతాడా, లేకుంటే పొద్దుగూకులూ తాగుతానే ఉంటాడా?"

అప్పటికి అయిదు రోజులు అయిపోయాయి. అహం చంపుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ఉస్తాద్‌కు చూపు దాదాపు పోయింది. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల ఎత్తాడు.

"ఎవరు?"

"నేను ఉస్తాద్. ఆచారిని."

"అబద్ధాల ఆచారా?"

"ఊఁ."

"కూచో. పులివెందుల అల్మారా నీ చేతికి వచ్చిందని విన్నా. ఎంత వెనక్కి పోయింది?"

నేనింకా ఏమీ చెప్పలేదు. "రెండు నూళ్ళు," అన్నాను. "నర్సింహులు వంచినాడు ఉస్తాద్."

ఆయన ఆ పేరు విని నవ్వి ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు:

"నువ్వు టీ అంగట్లో కతలు చెప్తావు కదా. విన్నోడు ఎంత నమ్ముతాడు?"

"సగం తీసేస్తారు."

"అది తెలిసే నువ్వేం చేస్తావు?"

"ముందే రెట్టింపు చెప్తా."

"కట్టె కూడా ఆ టీ అంగడోడే నాయనా. నువ్వెంత వంచితే అంత నమ్మదు. వదలంగానే కొంచెం వెనక్కి తీసుకుంటాది. అది తీసుకునేదంతా ముందే కలిపి వంచాల. నీకు నేను దీన్ని చెప్పాల్సొచ్చిందే."

దిమ్మ ఎక్కడుందని అడిగితే కోళ్ళగూడు వైపు చెయ్యి చూపించాడు. గూటి కప్పు మీద బండిచక్రం అంచు ముక్కలు నాలుగున్నాయి. ఆయన తన అల్మారాల దిమ్మలకు చిన్నబండి చక్రం వాడేవాడు. తలుపు కావలసిన వంపు పెద్దబండి చక్రానిది. చిన్నచక్రం మీద వంచితే, వదిలాక అది పెద్దచక్రం వంపుకు వచ్చి ఆగుతుంది. ఏ పుస్తకంలోనూ లేని ఆ లెక్క మీద కోళ్ళు ఎన్నేళ్ళు పడుకున్నాయో.

ముక్కలు గోనెసంచిలో కట్టుకుని లేస్తుంటే ఆయన అన్నాడు: "బందులు బిగించే ముందర శీలలు తీసి దారం వెయ్యి. మర్చిపోవాకు."

వినలేదు. ముసలాయన మాట అనుకున్నాను. రెండో తలుపు చిన్నచక్రం మీద వంచి, రెండు రోజులాగి విప్పితే, ఎడమ తలుపు పక్కన కవలపిల్లలా నిలబడింది. దాంతో నాకు ఒళ్ళు తెలియలేదు.

బందు

మిగిలింది రెండు రోజులు. తొమ్మిదో రోజు నర్సింహులు మళ్ళీ తొందరపడ్డాడు.

వంపు తలుపు అంచు బండిచక్రంలో ఆకు అనే చువ్వ లాంటిది. అది చక్రం నడిమి వైపు, అంటే ఏటవాలుగా చూస్తుంది. అల్మారా నిలువు చట్రం ఎదురుగా చూస్తుంది. సూటి తలుపుకు అలవాటు పడిన చెయ్యి ఆ అంచు మీద అలాగే బందు పెట్టేస్తుంది. అప్పుడు బందు రెండు రెక్కలూ ఒకదాన్నొకటి చూసుకోవు. తలుపు మూయబోతే వేలెడు దూరంలో ఆగిపోతుంది. నర్సింహులు అది చూడకుండా భుజం పెట్టి నెట్టాడు. రెండు మరమేకులు తలలు తెగి చెక్కలోనే ఉండిపోయాయి.

చప్పుడుకు శివారెడ్డి పరుగెత్తుకొచ్చాడు. "అయిపోయె. నేను హోటలోనికి ఫోన్ చేస్తాండా."

"రేపు సాయంత్రం దాకా ఆగు శివన్నా."

"రేపు రంగులోళ్ళు పోతారు."

"రేపటి దాకా అనే కదా నువ్వూ చెప్పినావు," అంది ఓబులమ్మ వెనక నుంచి. తర్వాత నా వైపు తిరిగింది. "ఆచారీ, ఆ నర్సిమ్ములుకు చెప్పు. ఈ అల్మారాలో నా పెండ్లినాటి నుంచి ఉండాయి బట్టలు. ఈ తలుపు మూసుకోకుంటే నేను ఆయప్పను మూసేస్తానని చెప్పు."

పదో రోజు పొద్దున, నాలో ఉన్న ఓర్పునంతా బయటికి తీశాను. తెగిన మరమేకులు తవ్వి తీసి, బొక్కల్లో టేకు చీలలు కొట్టి పూడ్చాను. తలుపు అంచును కొంచెం కొంచెంగా చిత్రిక పట్టాను, అది చట్రం కళ్ళలోకి సూటిగా చూసేదాకా. తర్వాత మూడు బందులనూ చట్రానికి ఒక్కొక్క మరమేకుతో వదులుగా తగిలించి, శీలలు, అంటే బందు రెక్కల్ని కలిపే నడిమి కడ్డీలు, తీసేసి, పై బందు బొక్కలోంచి కింది బందు బొక్క దాకా ఒకే పట్టుదారం వదిలాను. దారం చివర చిన్న తూకంగుండు. మూడు బొక్కల్లోనూ దారం ఏ అంచుకూ తగలకుండా నడిమిలో వేలాడాలి. అదీ ఉస్తాద్ చెప్పిన దారం. మూడు బందులు మూడు కాదు, ఒకే గీత మీద మూడు చోట్లు. తలుపు ఎంత వంకరగా ఉన్నా అది తిరిగే గీత మాత్రం సూటిగా ఉండాలి.

గాలికి దారం ఊగుతోందని ఫ్యాను ఆపించాను. శివారెడ్డి చెమటలు తుడుచుకుంటూ బయటికి పోయాడు. ఓబులమ్మ కదల్లేదు. ఒక బందును కాగితం మందం జరిపితే ఇంకొకటి తప్పేది. దాన్ని సరిచేస్తే మొదటిది తప్పేది. మూడు గంటలు. అంతసేపు నేను ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను ఎరిగినవాళ్ళకు ఈ కథలో నమ్మడం కష్టమైనది ఇదే. మధ్యాహ్నానికి దారం మూడు బొక్కల నడిమిలోనూ కదలకుండా నిలిచింది.

తలుపు తగిలించాను. మూశాను. చప్పుడు లేదు. అంచుకు అంచు వచ్చి కలిసింది. సగం తెరిచి చెయ్యి వదిలాను. అక్కడే నిలబడింది.

ముప్పై అయిదేళ్ళలో నేను ఎన్నో గొప్పలు చెప్పుకున్నాను. ఆ క్షణం గురించి చెప్పుకోవడానికి మాత్రం నా దగ్గరున్న మాటలు పనికిరాలేదు.

చీనీకాయ

ఓబులమ్మ తలుపు తెరిచి, మూసి, కొడుకును పిలిచింది. "జమ్మలమడుక్కు పోయి ఆ సాయబును కార్లో పిల్చుకోని రా. చేసినోడు చూడకుండా నేను ఒప్పుకోను."

పొద్దువాలే వేళకు ఉస్తాద్ వచ్చాడు. అల్మారా ముందు నిలబడి, "చీనీకాయ ఉండాదా?" అన్నాడు.

"పులివెందులలో చీనీకాయ ఉండాదా అని అడుగుతాండావే," అంది ఓబులమ్మ.

సూటి తలుపు పైఅంచు మీద ఏమీ నిలవదు. వంపు తలుపు పైఅంచు మీద చిన్న మూత నిలుస్తుంది, వంపే దానికి కాళ్ళవుతుంది. ఉస్తాద్ తలుపు తెరిచి, పైఅంచు మీద చెంబుమూత పెట్టి, మూత మీద చీనీకాయ పెట్టి, తలుపును నెమ్మదిగా ఇంకో కొస దాకా తిప్పాడు. బందుల గీత ఏమాత్రం ఒరిగినా తలుపు తిరిగేకొద్దీ పైఅంచు వాలి కాయ దొర్లుతుంది. కాయ దొర్లలేదు.

అప్పుడు ఆయన తలుపుల్ని తడిమాడు. ముందువైపు కాదు. రెండు తలుపులూ తెరిచి వెనకవైపు, రెండు అరచేతులతో, పైనుంచి కిందికి. చాలాసేపు. నాకు బంగారం అంగడి సెట్టి గుర్తుకొచ్చాడు.

"నాయనా," అన్నాడు, "ఇందులో నాదేది?"



"నీ చేతిపని నీకే తెల్దా సాయబూ?" అంది ఓబులమ్మ.

"రెండు చేతులూ తమ కిందుండే తలుపు నాదే అంటాండాయి. ఒక చెయ్యి అబద్ధం చెప్తాండాది. ఏ చెయ్యో తెలీడంల్యా."

శివారెడ్డి గొంతు సవరించుకున్నాడు. "అమా, బీరువా అంగడోనికి వద్దని చెప్తా."

ఆ అల్మారా ఇప్పటికీ అక్కడే ఉంది. పోయి చూడండి. తలుపు తెరిచి వెనకవైపు చూడండి.

నేను బయల్దేరుతుంటే ఓబులమ్మ చీనీకాయల సంచులు రెండు తెప్పించి నా ముందు పెట్టించింది.

"ఒకటి నీకు. ఒకటి నర్సిమ్ములుకు. టీ తాగి వచ్చినాక ఇయ్యి."

ఏది నిజం, ఏది కాదు

మీరు అబద్ధమని అనుకున్నవన్నీ నిజాలే. మూత మీద చీనీకాయ నిజం. కోళ్ళగూటి మీద చక్రం ముక్కలు నిజం. నేను మూడు గంటలు నోరు మూసుకున్నదీ నిజం.

నర్సింహులు లేడు. ఎప్పుడూ లేడు.

పలక వెనక గాట్లు పెట్టింది నేను. దిమ్మ తప్పు చేసింది నేను. భుజం పెట్టి మరమేకులు తెంచిందీ నేనే, అందుకేనేమో దేవుడు చివరికి ఆ భుజమే పట్టేశాడు. షోరూము రోజుల్లో ఒక తప్పు మోయడానికి ఆ పేరు పుట్టింది, తర్వాత ఇరవై ఏళ్ళు నా తప్పులన్నీ మోసింది. చేసింది నేనేనని సెట్టికి అనుమానమే లేదు. ఉస్తాద్‌కు పేరు వినగానే తెలిసింది. ఓబులమ్మకు టీ దగ్గర తెలిసింది. ఆ రెండు సంచులూ బస్టాండు దాకా నేనే మోశాను. రెండోది ఎక్కువ బరువుంది.

కొత్తగా పనిలోకి వస్తున్నవాళ్ళకు ఒకటే చెప్తాను. మీకూ ఒక నర్సింహులు తయారవుతాడు. తయారు కానివ్వండి, తప్పు లేదు. కానీ అతన్ని టీకి పంపించకండి. బల్ల పక్కనే కూర్చోబెట్టుకుని, మరమేకు ఎందుకు తెగిందో అతనితో చెప్పించుకోండి. పని నేర్పేది అతనే.

ఒట్టు తప్పాను కాబట్టి ఈ రాత్రి కిర్రుమన్న తలుపులకు నాదే బాధ్యత. మిగతా కథను నేను వదిలాక మీరు ఎంత వెనక్కి తీసుకుంటారో తెలుసు కాబట్టి, అక్కడక్కడ అంత కలిపే వంచాను. ఉస్తాద్ అడిగిన ఆ ఒక్క మాటను మాత్రం నూలు కూడా వంచలేదు. "ఇందులో నాదేది?" అనే అడిగాడు.